వాన లెక్క వేరు, పదును లెక్క వేరు: సాహెల్ రైతుల గురించి ఒక ప్రసంగం

(అనంతపురం వైపు ఒక రైతుల సభలో మాట్లాడింది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. షామియానా బయట నిలబడ్డ అన్నలు లోపలికి రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అక్కా, పిల్లోణ్ణి ఎత్తుకుని ఎండలో ఎందుకు, ఇటు రా తల్లీ.

మొదలుపెట్టే ముందు ఒకటి అడుగుతా. పొద్దున రాగిసంకటి తిని వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. సరే. జొన్నరొట్టె? సజ్జరొట్టె? చాలామందే ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, ఈ రాగి ఎక్కడిది? మనదే గదా అంటారు. మనదే, నేను కాదనట్లేదు. కానీ పుట్టింది మాత్రం తూర్పు ఆఫ్రికా కొండల్లో. జొన్న పుట్టింది సూడాన్ వైపు. సజ్జ పుట్టింది సహారా ఎడారి దక్షిణపు అంచున, ఇప్పుడు మాలి అనే దేశం ఉందే ఆ వైపు, నాలుగు వేల ఏళ్ళ కిందటే అక్కడి రైతులు దాన్ని అడవి గడ్డి నుంచి పంటగా మార్చారు. అలసంద కూడా ఆఫ్రికాదే. గోంగూర కూడా. అంటే మన కంచంలో సగం వాళ్ళ పూర్వీకుల చేతి పని. అందుకే నేనీవేళ చెప్పేది ఎవరో పరాయివాళ్ళ గురించి అనుకుని వినొద్దు. మనకి విత్తనం ఇచ్చినవాళ్ళు ఇప్పుడు ఎండకి, వానకి ఎట్లా తట్టుకుంటున్నారన్నది చెప్తా.

నేను పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ అనే దేశంలో కొన్నేళ్ళు పనిచేశాను, పక్క దేశం బుర్కినా ఫాసోకి కూడా వెళ్ళొచ్చాను. సహారా ఎడారి కింద పడమటి నుంచి తూర్పుకి ఒక పట్టీ లాగా ఉంటుంది ఆ ప్రాంతం, దాన్ని సాహెల్ అంటారు. ఏడాదికి వాన ఉత్తరాన 300 మిల్లీమీటర్లు, దక్షిణానికి వస్తే 700, 800. మన అనంతపురం 550 చిల్లర, కాబట్టి మన జిల్లాని తీసుకుపోయి అక్కడ పెడితే పెద్ద తేడా తెలీదు. కాకపోతే వాళ్ళకి వాన మూడు, నాలుగు నెలలే. జూన్‌లో మొదలై సెప్టెంబరుకి అయిపోతుంది. ఈశాన్య రుతుపవనం లాంటిది లేదు వాళ్ళకి, ఆ మూడు నెలలు పోతే ఏడాది పోయినట్టే.

నేను అక్కడికి వెళ్ళిన కొత్తలో ఒక తప్పు చేశాను. మరాడి అని నైజర్‌లో ఒక పట్నం, దాని దగ్గర ఒక ఊర్లో ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో, చేలో కూర్చుని ఉన్నాడు. వానలు ఎట్లా ఉన్నాయి తాతా అని అడిగాను, పక్కన కుర్రోడు వాళ్ళ హౌసా భాషలోకి చెప్తున్నాడు. తగ్గిపోయాయి నాయనా, మా నాన్న కాలంలో లాగా లేవు అన్నాడు. నా చేతిలో వానల రికార్డు ఉంది. అందులో 1980ల మధ్య దాకా పడిపోయిన వాన 1990ల నుంచి మళ్ళీ కొంచెం కొంచెం పెరుగుతూ వస్తున్నట్టు స్పష్టంగా ఉంది. నేనేమన్నానంటే, లేదు తాతా, ఇరవై ఏళ్ళ కిందటితో పోలిస్తే పెరిగింది, ఇదిగో లెక్క అన్నాను.

ఆయన కోప్పడలేదు. లేచి, చేతిలో ఉన్న చిన్న పారతో అక్కడే ఇసక తవ్వాడు, తవ్వి చెయ్యి లోపలికి పెట్టాడు. మణికట్టు దగ్గర వేలితో గీత గీసి, మొన్న పడిన పెద్ద వాన ఇక్కడిదాకా తడిపింది అన్నాడు. తర్వాత మోచెయ్యి చూపించి, మా నాన్న చెయ్యి పెడితే ఇక్కడిదాకా తడి తగిలేది అన్నాడు. అంతే, మళ్ళీ కూర్చున్నాడు.

మీకు అర్థమైంది గదా? నాకు అప్పుడు సిగ్గేసింది, ఎందుకంటే నేను మన రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. మా తాత ఎప్పుడైనా ఇన్ని మిల్లీమీటర్లు పడింది అన్నాడా? పదును వాన పడింది అనేవాడు, అంటే విత్తడానికి సరిపడా నేల తడిసింది అని. దుక్కి వాన పడింది అనేవాడు. జానెడు తడి, మూరెడు తడి అనేవాడు. వాన లెక్క వేరు, పదును లెక్క వేరు. ఆకాశం నుంచి ఎంత పడిందన్నది నా కాగితంలో ఉంది, వేరుకి ఎంత అందిందన్నది ఆయన చేతి మీద ఉంది.

నా కాగితమూ అబద్ధం కాదు, ఆయన చెయ్యీ అబద్ధం కాదు. మధ్యలో జరిగిందేందంటే వాన తీరు మారింది. 2017లో శాటిలైట్ రికార్డులన్నీ పెట్టుకుని శాస్త్రవేత్తలు లెక్క తీస్తే, సాహెల్‌లో భయంకరమైన గాలివానలు 1982తో పోలిస్తే మూడు రెట్లు అయ్యాయని తేలింది. అంటే ఏడాది వాన మొత్తం చూస్తే పెరిగినట్టే ఉంటుంది, కానీ అది నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది, గట్టిపడిన నేల మీద పడి జారిపోతుంది, మళ్ళీ పదిహేను ఇరవై రోజులు బెట్ట. మొలక వచ్చిన సజ్జకి ఆ ఇరవై రోజుల బెట్టలో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మళ్ళీ విత్తనం, మళ్ళీ కూలీ. దాన్ని రైతు వాన తగ్గింది అని చెప్తాడు. ఆయన చెప్పిన మాటని మనం అర్థం చేసుకోవాల్సిన విధానం అదీ.

ఈ చూపు ఒక్క ఊరిది కాదు. ఆఫ్రికాలో పది, పదకొండు దేశాల్లో తొమ్మిది వేల మందికి పైగా రైతుల్ని అడిగి ఒక పెద్ద సర్వే చేశారు, ప్రపంచ బ్యాంకు 2007లో దాన్ని బయటపెట్టింది. ఎక్కువమంది ఎండ పెరిగింది, వాన తగ్గింది, వచ్చే టైము మారింది అన్నారు. అందులో నాకు బాగా గుర్తుండిపోయిన విషయం ఒకటుంది: మార్పుని ముందు గుర్తుపట్టేది ఎక్కువ ఏళ్ళు సేద్యం చేసినవాళ్ళు, కానీ ఏదో ఒకటి మార్చి చూసేది ఎక్కువగా చదువుకున్నవాళ్ళు. ఇంకోటి, దగ్గరలో సలహా చెప్పే మనిషి, అప్పు పుట్టే దారి ఉన్నవాళ్ళే ఎక్కువగా మారగలిగారు. అంటే పెద్దాయనకి కన్ను ఉంది, చేతిలో డబ్బు లేదు. తెలియక మారట్లేదు అని ఎవరైనా అంటే నమ్మొద్దండి, తెలిసీ మారలేని వాళ్ళు చాలామంది.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి, ఇది చెప్పకుండా ముందుకు పోలేను. 1968 నుంచి 1973 దాకా సాహెల్‌లో పెద్ద కరువు. మళ్ళీ 1983, 84లో ఇంకోటి. పశువులు కుప్పలు కుప్పలుగా చచ్చిపోయాయి, జనం ఊళ్ళు ఖాళీ చేసి పోయారు. అప్పట్లో 1975 ప్రాంతంలో ఒక వాదన వచ్చింది, ఈ రైతులూ పశువుల కాపర్లే గడ్డి అంతా మేపేసి, చెట్లు కొట్టేసి నేలని బోడి చేశారు, అందుకే వాన రావట్లేదు అని. చాలా ఏళ్ళు ప్రపంచం అదే నమ్మింది. ఆకలితో చస్తున్నవాడి మీదే నేరం! తర్వాత 2003లో కంప్యూటర్ల మీద లెక్కలు వేసి చూస్తే, అసలు కారణం సముద్రాల వేడిలో వచ్చిన మార్పు అని తేలింది. హిందూ మహాసముద్రం, అట్లాంటిక్, వాటి వేడి అటూ ఇటూ అయితే అక్కడ రుతుపవనం పక్కకి జరిగిపోతుంది. యూరప్, అమెరికా ఫ్యాక్టరీల పొగ కూడా అట్లాంటిక్ ఉత్తర భాగాన్ని చల్లబరిచి అందులో చెయ్యి వేసిందని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి. నేల పాడవడం లేదని కాదు, ఉంది. కానీ కరువు తెచ్చింది ఆ ముసలాయన మేకలు కాదు.

సరే, ఇప్పుడు వాళ్ళు ఏం చేశారో చెప్తా. దీనికోసమే వచ్చాను నేను.

బుర్కినా ఫాసోలో ఉత్తరాన యాతెంగా అని ప్రాంతం, అక్కడ వాహిగుయా అని పట్నం, దాని పక్కన గూర్గా అని ఊరు. అక్కడ యాకూబా సవదోగో అని ఒక రైతు ఉండేవాడు. ఆ ప్రాంతంలో కరువు తర్వాత నేల ఎట్లా అయిపోయిందంటే పైన పొర కట్టి సిమెంటు లాగా, నీళ్ళు పోస్తే జారిపోతాయి, గడ్డి కూడా మొలవదు. అట్లాంటి నేలని వాళ్ళ మోరె భాషలో జిపెల్లే అంటారు. అందరూ ఊరొదిలి పోతుంటే ఈయన 1980 ప్రాంతంలో ఆ నేలలోనే పని మొదలుపెట్టాడు. వాళ్ళ తాతల కాలం నుంచి ఒక పద్ధతి ఉంది, జాయ్ అంటారు, చిన్న చిన్న గుంటలు తవ్వడం. ఈయన వాటిని పెద్దవి చేశాడు, లోతు చేశాడు, ఎండాకాలంలోనే తవ్వి లోపల పెంట వేశాడు. వానకి ముందు తవ్వడం, ఎండిన నేలని తవ్వడం, చూసినవాళ్ళు పిచ్చోడన్నారు. అన్నది నేను కాదు, ఆయనే చెప్పుకునేవాడు.

గుంట ఎట్లా ఉంటుందంటే, ఇదిగో నా జాన చూడండి, వెడల్పు జానెడు నుంచి రెండు జానల లోపు, లోతు అరజాన నుంచి జాన. ఎకరానికి నాలుగు వేల నుంచి ఆరు వేల గుంటలు. తవ్విన మట్టిని పల్లం వైపు అర్ధచంద్రం లాగా పెడతారు, పై నుంచి వచ్చే నీళ్ళు ఆగి లోపలికి పోయేట్టు. లోపల రెండు గుప్పిళ్ళ దిబ్బెరువు. ఇప్పుడు అసలు గమ్మత్తు వినండి, ఆ పెంట వాసనకి చెదలు వస్తాయి. మనం చెదలు అంటే మందు కొడతాం గదా? వాళ్ళు చెదల్ని పిలుస్తారు. చెదలు ఆ ఎరువు తినడానికి వచ్చి కింద గట్టి నేలకి సందులు పెడతాయి, వందల సందులు, వాన పడితే నీళ్ళు ఆ సందుల గుండా కిందకి దిగిపోతాయి. ట్రాక్టర్ లేని రైతుకి చెదలే నాగలి. ఆ గుంటలోనే జొన్న గానీ సజ్జ గానీ వేస్తారు. మొదటి వాన సరిగ్గా లేకపోయినా గుంట చుట్టూ పడిన నీళ్ళన్నీ ఆ మొక్కకే, తర్వాత బెట్ట వచ్చినా రెండు మూడు వారాలు పచ్చగా నిలబడుతుంది. ఏమీ పండని నేలలో వాన తక్కువైన ఏడు కూడా హెక్టారుకి 300, 400 కిలోలు, మంచి ఏడైతే 1500 కిలోల దాకా వచ్చాయి.

చూశారా, మరాడి తాత చెయ్యి మీద చూపించిన కొరత ఏదో, సరిగ్గా దానికే ఇది మందు. వాన తెప్పించడం మన చేతిలో లేదు, పడిన వానని మోచెయ్యి దాకా దింపడం చేతిలో ఉంది.

ఎరువుతో పాటు చెట్ల గింజలు కూడా వచ్చాయి, మేకలు తిన్న కాయల గింజలు పెంటలో ఉంటాయి గదా, అవి మొలిచాయి. ఆయన వాటిని పీకలేదు. అట్లా పెరిగి పెరిగి 60 రకాలకి పైగా చెట్లతో ఒక అడవి అయింది. మధ్యలో ఎవరో నిప్పు పెట్టారు, మళ్ళీ పెంచాడు. ఇంకా గొప్ప సంగతి ఏందంటే, 1984 నుంచి తన పొలంలో ఏడాదికి రెండుసార్లు సంత పెట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు తాము వాడిన విత్తనాలు తెచ్చి, ఏది గుంటలో బాగా వచ్చింది, ఏది రాలేదు అని మాట్లాడుకునేవాళ్ళు. నడిపింది రైతే, జీతం తీసుకునే సైంటిస్టు కాదు. 2018లో ఆయనకి రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది, నోబెల్‌కి ప్రత్యామ్నాయంగా చెప్పుకునే బహుమతి అది. 2023 డిసెంబరులో చనిపోయాడు.

1989లో పక్క దేశం నైజర్ నుంచి, ఇల్లేలా అనే ప్రాంతం నుంచి 13 మంది రైతులు యాతెంగా వచ్చి ఈ గుంటలు చూసిపోయారు. వాళ్ళ ఊరికి పోయి తవ్వారు, అక్కడ దాన్ని తస్సా అంటారు. మరుసటి ఏడు కరువు, చుట్టూ చేలు ఎండిపోతే గుంటల్లో సజ్జ నిలబడింది. ఇంక చెప్పేదేముంది, పారేసిన నేలకి రేటు వచ్చింది, పాడుబడ్డ భూమిని కొనడం మొదలుపెట్టారు. 13 మంది కళ్ళతో చూసి పోయింది, ఏ పుస్తకమూ ఇవ్వలేదు వాళ్ళకి.

నైజర్‌లోనే మరాడి, జిందర్ అనే పట్నాల వైపు ఇంకో కథ. అక్కడ నేల ఇసక. జూన్‌లో గాలి లేస్తే ఇసక పోయి లేత మొలకల్ని కప్పేస్తుంది, కోసేస్తుంది, ఒక్క పంటకి మూడుసార్లు నాలుగుసార్లు విత్తిన రోజులున్నాయి. చెట్లు నాటండి అని ఎన్నో ప్రాజెక్టులు వచ్చాయి, నాటినవి నాటినట్టే ఎండిపోయాయి. టోనీ రినాడో అని ఆస్ట్రేలియా మనిషి, 1980ల మొదట్లో మరాడిలో చెట్లు నాటించి నాటించి విసిగిపోయి ఉన్నాడు. ఒకరోజు దారిలో ఆగి చూస్తే, ఇన్నాళ్ళూ కలుపు పొద అనుకున్నది నరికేసిన పెద్ద చెట్టు మొదలు నుంచి లేచిన చిగుళ్ళు! అడవి మొత్తం భూమి కింద వేళ్ళతో బతికే ఉంది. రైతు ప్రతి ఏడూ దున్నే ముందు దాన్ని నరుకుతున్నాడు. చెయ్యాల్సిందల్లా మొదలుకి ఇరవై కొమ్మలొస్తే మూడో నాలుగో బలమైనవి ఉంచి మిగతావి కోసెయ్యడం, కోసినవి పొయ్యిలోకి. అంతే.

మరి అంత సులువైన పని రైతు ముందే ఎందుకు చెయ్యలేదు? ఇది ఆలోచించండి. ఎందుకంటే చెట్టు రైతుది కాదు. ఫ్రెంచి వాళ్ళ కాలం నుంచి చట్టంలో చెట్లు సర్కారువి. మన పొలంలో చెట్టు మనం పెంచితే, రేపు కొమ్మ కొట్టుకున్నందుకు ఫారెస్టు గార్డు వచ్చి జరిమానా వేస్తాడు. అప్పుడు మీరైతే చెట్టు ఉంచుతారా, మొలకలోనే పీకేస్తారా? పీకేస్తాం. వాళ్ళూ అదే చేశారు. 1980ల మధ్య నుంచి ఆ పట్టు మెల్లగా సడలింది, పొలంలో చెట్టు నాది అని రైతు నమ్మడం మొదలైంది, అప్పుడు చెట్లు లేచాయి. దక్షిణ నైజర్‌లో 50 లక్షల హెక్టార్లలో దాదాపు 20 కోట్ల చెట్లు, నాటినవి కావు, ఉంచినవి. పై నుంచి తీసిన ఫోటోల్లో కనపడతాయి. సరిహద్దు దాటితే నైజీరియా వైపు అంత లేవు, నేల అదే, వాన అదే.

వాళ్ళు ఎక్కువగా ఉంచే చెట్టు గావో, మన తుమ్మ లాగా ముళ్ళ చెట్టు. దాని గుణం విచిత్రం, వానాకాలంలో ఆకు రాలుస్తుంది, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. అంటే సజ్జ పెరిగేటప్పుడు నీడ ఇవ్వదు, ఆకు ఎరువవుతుంది, ఎండాకాలంలో పశువుకి నీడ, దాని కాయ మేకలకి మేత. ఆ నీడన పశువులు పడుకుంటే పెంట మళ్ళీ అక్కడే.

పెంట అన్నాను గదా, కోతలయ్యాక పశువుల కాపర్లు, ఫులానీ అంటారు వాళ్ళని, మందల్ని తోలుకొస్తారు. రైతు వాళ్ళకి ధాన్యం ఇచ్చి పొలంలో రాత్రిళ్ళు మంద పెట్టించుకుంటాడు. అచ్చం మన దగ్గర గొర్రెల మంద పెట్టించినట్టే! నేను మొదటిసారి చూసినప్పుడు మా ఊరికి వచ్చానా అనిపించింది.

ఇదిగో ఇది చూడండి, నా చేతిలో ఉన్నది సోడా సీసా మూత. ఇది అటు వైపు నుంచి పంపిస్తున్నా, చేతులు మార్చుకుంటూ చూడండి. మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది గదా, హైదరాబాద్ పక్కన, మెట్ట పంటల మీద పరిశోధన చేసే సంస్థ, దానికి నైజర్ రాజధాని నియామే దగ్గర సదోరె అనే చోట ఒక కేంద్రం ఉంది. వాళ్ళు అక్కడి రైతులతో కలిసి చేసిన పని ఇది, పొలమంతా ఎరువు చల్లడానికి డబ్బు లేదు కాబట్టి, ఒక్కో కుదురుకి ఒక్క మూత ఎరువు, ఆరు గ్రాములు. లేదంటే మూడు వేళ్ళతో ఒక చిటికెడు. విత్తనం పక్కనే పడుతుంది కాబట్టి మొక్కకి తొందరగా అందుతుంది, వేరు లోతుకి పోతుంది, బెట్టకి తట్టుకుంటుంది. సజ్జ, జొన్న దిగుబడి 44 నుంచి 120 శాతం దాకా పెరిగింది. పెరిగిన ధాన్యాన్ని కోత రోజునే తక్కువ ధరకి అమ్ముకోకుండా, ఊరి గోదాములో తాళం వేసి దాని మీద అప్పు తీసుకుని, నాలుగైదు నెలలకి ధర లేచాక అమ్మే పద్ధతి కూడా జోడించారు. మూత ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు.

ఇచ్చిపుచ్చుకోవడం ఎట్లా ఉందో చూడండి. మన ఇక్రిశాట్‌లో ఐసీటీపీ 8203 అనే సజ్జ రకం తయారైంది, 1988లో మహారాష్ట్రకీ మన ఆంధ్రప్రదేశ్‌కీ విడుదలైంది, దాని తల్లి పశ్చిమ ఆఫ్రికాలోనే టోగో అనే దేశంలో ఉత్తరాది రైతుల దగ్గర నుంచి వచ్చిన విత్తనం. మనవైపు నుంచి అక్కడికి పోయింది మునగ. నైజర్‌లో మునగాకు ఉడికించి, వేరుశనగ పిండి కలిపి బజార్లో అమ్ముతారు, ఆడవాళ్ళకి మంచి ఆదాయం. పనికిరాదని వదిలేసిన నేలని ఆడవాళ్ళ సంఘాలకి ఇస్తే, వాళ్ళు ఆ గుంటల్లోనే బెండ, మునగ వేసి పచ్చగా చేసిన చోట్లున్నాయి. మంచి నేల ఆడవాళ్ళకి ఎందుకివ్వరు అని అడగండి, అది అక్కడా ఇక్కడా అడగాల్సిందే.

అన్నీ బాగున్నాయని నేను చెప్పట్లేదు. కోతలయ్యాక మగపిల్లలు ఐవరీ కోస్ట్ దేశంలో కోకో తోటలకి, నైజీరియాలో లాగోస్‌ నగరానికి వలస పోతారు, మనవాళ్ళు బెంగళూరు పోయినట్టు, పాలమూరు నుంచి బొంబాయి పోయినట్టు. ఆ డబ్బుతోనే ఎరువు, ఆ డబ్బుతోనే విత్తనం, కాబట్టి వలసని ఓటమి అని నేననను. కానీ ఇప్పుడు బుర్కినా ఫాసోలో ఉగ్రవాదుల దాడులు, ఉత్తరాన ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయాయి, 2023 నాటికి 20 లక్షల మందికి పైగా ఇల్లు వదిలారు. నలభై ఏళ్ళు పట్టి బాగుచేసుకున్న పొలం, గుంటలూ చెట్లూ అట్లాగే ఉన్నాయి, తవ్విన మనిషి శిబిరంలో ఉన్నాడు. నాకు తెలిసిన కొందరు అట్లా ఉన్నారు, వాళ్ళని తలుచుకుంటే మాట రాదు.

ఆ వెనక ఎవరో అడుగుతున్నారు, ఏందన్నా? గుంటలు మన దగ్గర పనికొస్తాయా, కూలీ ఎవడిస్తాడు అని. మంచి ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్తా. తవ్వడానికి హెక్టారుకి 300 గంటలకి పైనే, అంటే ఎకరానికి 120 గంటలు, గట్టి నేలయితే ఇంకా ఎక్కువ. వాళ్ళు ఎండాకాలంలో పనిలేని రోజుల్లో కొంచెం కొంచెం తవ్వుతారు, ఒక్క ఏడులో మొత్తం చెయ్యరు. ఇల్లేలాలో కుర్రోళ్ళు గుంటలు తవ్వడమే కూలి పనిగా పెట్టుకున్నారు. మెత్తటి ఇసక నేలలో పనికిరావు, పూడిపోతాయి. 800 మిల్లీమీటర్లు దాటితే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. మన దగ్గర పొర కట్టి, ఏమీ మొలవక వదిలేసిన ఎర్ర నేల ముక్క ఉంటే, పావెకరం మే నెలలో తవ్వి, పెంట వేసి, జొన్న గానీ సజ్జ గానీ పెట్టి చూడండి. పక్కన మామూలుగా ఇంకో పావెకరం వెయ్యండి. వాన పడిన మర్నాడు రెండు చోట్లా చెయ్యి పెట్టి తడి ఎంత దిగిందో చూడండి, రాసుకోండి. వచ్చే ఏడు సభకి ఆ లెక్క తెస్తే నేనే వస్తా వినడానికి.

టైమైందంటున్నారు. ఆ మూత ఎవరి దగ్గరుందో చూసి ఇటు పంపండన్నా, అది మరాడి నుంచి తెచ్చుకున్నది.